నా వంతు పదిమంది

మే 26

ఈ రోజు లైబ్రరీ తాళం తీయలేదు. తీయొద్దన్నారు.

పొద్దున కరస్పాండెంట్ సురేంద్ర సార్ స్టాఫ్ మొత్తాన్ని సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు. అడ్మిషన్లు పూర్తయ్యేదాకా ఎవరికీ సెలవుల్లేవు, అందరూ పల్లెలకు పోవాలి. లెక్చరర్లకు తలా పదిహేను మంది, ఆఫీసు వాళ్ళకు తలా ఐదుగురు, నాకు పదిమంది. నేను లెక్చరర్ని కాదు, ఆఫీసు మనిషినీ కాదు, అందుకని మధ్యలో పెట్టారట. ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం, "మా లైబ్రేరియన్, యూనివర్సిటీలో ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేసింది, టీచింగ్ స్టాఫ్‌తో సమానం" అని ఈయనే నన్ను ముందు వరసలో నిలబెట్టారు. ఆ పూట నా టేబుల్ మీద పూలకుండీ కూడా పెట్టించారు. వాళ్ళ కారు గేటు దాటగానే కుండీ ప్రిన్సిపాల్ గదిలోకి పోయింది.

మార్చి, ఏప్రిల్ జీతాలు అడ్మిషన్లు అయ్యాక కలిపి ఇస్తారట. వంతు పూర్తి చేసినవాళ్ళకు.

పూర్తి చేయనివాళ్ళ సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"నీకేం కష్టమమ్మా నీలావతీ? మీ పక్క ఆడపిల్లలు నిన్ను చూస్తే చాలు, చేరతారు. నువ్వే మా పాంప్లెట్టు" అన్నారు సార్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

మే 27

తెలిసిన ఇళ్ళలో ఇంటర్ పాసైన పిల్లల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు రాసి ఇవ్వమన్నారు. కనీసం ఇరవై. రొద్దం నుంచి మా ఊరిదాకా ఆలోచించి ఆలోచించి రాశాను. ఒకటి తక్కువ పడింది. మా చెల్లెలు పవిత్ర పేరు రాశాను. ఫోన్ నంబరు దగ్గర నాయనది వేశాను, ఇంట్లో ఉన్నది అదొక్కటే కదా.

పేరు రాసినంత మాత్రాన ఏమవుతుంది? లిస్టు నిండాలి. పవిత్ర ధర్మవరం గవర్నమెంటు కాలేజీలో చేరుతుంది, చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటుంది. అది ఎప్పుడో అనుకున్నదే.

జూన్ 2

గ్రంథాలయ సంస్థ పోస్టులకు నోటిఫికేషన్ ఈ వారమూ రాలేదు.

జూన్ 6

తాళాలు నా దగ్గరే ఉంటాయి కాబట్టి సాయంత్రం కాసేపు లైబ్రరీ తెరిచి కూర్చున్నాను. అద్దాల బీరువాలకు దుమ్ము పట్టింది. తుడిచాను. ఏ పుస్తకం వీపు చూసినా నా చేత్తో రాసిన నంబరే. నేను వచ్చినప్పుడు ఇవన్నీ ఎరువుల బస్తాల్లా ఒక మూలన పేర్చి ఉండేవి. భౌతికశాస్త్రంలో వంటల పుస్తకం, వంటల్లో కామర్సు. ఒక సంవత్సరం పట్టింది అన్నీ ఒక దారికి తేవడానికి.

పుస్తకాలు ఇంటికి ఇవ్వకూడదని సార్ ఆర్డరు. "పోతే ఎవురు కడతారు? ఇన్‌స్పెక్షన్‌కి చూపించేదానికి ఉండాల గదా." పిల్లలు అద్దంలోంచి చూసి పోతారు. పరీక్షల ముందు ఒకరిద్దరు నా ఎదురుగా కూర్చుని నోట్సు రాసుకుంటారు. అదే మా లైబ్రరీ నడవడం.

జూన్ 11

ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. లెక్కల లెక్చరర్ గిరితో కలిసి అతని బండి మీద చెన్నేకొత్తపల్లి పక్క పల్లెలకు పోయాను. గిరికీ మార్చి నుంచి జీతం లేదు, పైగా ఇంట్లో చంటిపిల్ల. నాకంటే బాగా మాట్లాడతాడు. నేను బీరువాలు తుడవడానికి పనికొస్తాను కానీ ఈ పనికి కాదు.

ఉషారాణి అనే పిల్ల ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. ఇంటర్‌లో మంచి మార్కులు. వాళ్ళమ్మ పొద్దున్నే గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కి పోయిందట. అవ్వ చౌడక్క మాత్రం వసారాలో వక్కాకు నములుతూ కూర్చుంది.

"ఏం చదివినావు పాపా నువ్వు?" అని నన్నే పట్టుకుంది.

"డిగ్రీ అవ్వా. దాని మీద లైబ్రరీ సైన్సు."

"అంటే ఏం చేస్తావు?"

"కాలేజీలో పుస్తకాలన్నీ నా చేతి కింద ఉంటాయి. ఏ పుస్తకం యాడ ఉండాలో నేనే పెడతా."

"పుస్తకాలు సర్దేదానికి గూడా చదువుండాదా?"

"సర్దేది కాదవ్వా, దానికి పెద్ద లెక్కుండాది" అన్నాడు గిరి.

"మా కోడలు గిన్నెలు సర్దుతాది. దానికేం లెక్క యేస్తావప్పా నువ్వు?"

గిరి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఉషారాణి మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకుని నన్నే చూస్తూ ఉంది, నా చెప్పులు, నా బ్యాగు, నా ఐడీ కార్డు. అప్పుడు అడిగింది.

"అక్కా, లైబ్రరీ ఉద్యోగానికి జీతం ఎంతిస్తారు?"

గిరి ఫోన్‌లోకి చూసుకున్నాడు. చౌడక్క నమలడం ఆపింది.

"మంచిగానే ఇస్తారు" అన్నాను.

పదినిమిషాల్లో అయిపోయింది. ఉషారాణి వాళ్ళమ్మ ఫోన్ ఇంట్లోనే ఉంది, ఓటీపీ వచ్చింది, చదివి చెప్పింది. కాలేజీల ఆప్షన్లలో గిరి మాదొక్కటే పెట్టాడు. రెండోది పెట్టవా అన్నాను బయటకొచ్చాక. "రెండోది పెడితే ఆడికే పోతారు మేడం. మనం ఎందుకు తిరిగేది?" అన్నాడు.

వచ్చేటప్పుడు ఉషారాణి రోడ్డు దాకా వచ్చింది. "నేను చేరినాక నాకు పుస్తకాలిస్తావా అక్కా?" అంది.

జూన్ 12

అబద్ధం చెప్పలేదు. ఎంతో చెప్పలేదు, అంతే. ఇచ్చినప్పుడు మంచిదే కదా.

జూన్ 15

ఈ రోజు ఇంటికి పోయాను. హిందూపురం నుంచి పెనుకొండ, అక్కడ రొద్దం బస్సు, దిగాక నడక. అమ్మ రాగిసంగటి చేసి పెట్టింది. నాయన లేడు, గొర్రెల మందతో చెన్నేకొత్తపల్లి పక్క చేలల్లో ఉన్నాడు, వానలు గట్టిపడేదాకా రాడు.

పవిత్ర నోట్లో ధర్మవరం తప్ప ఇంకో మాట లేదు. చిన్నమ్మ ఇంటి నుంచి కాలేజీకి ఏ సందులో పోవాలో కూడా అడిగి తెలుసుకుంది. వచ్చే నెల మొదట్లో పెనుకొండకు పోయి నెట్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటుందట.

"ఆడ లైబ్రరీలో పుస్తకాలు ఇంటికిస్తారంటక్కా. మూడు మూడు ఇస్తారంట. మీ కాడ ఎన్నిస్తారు?"

"రెండు."

"రెండేనా?" అని ముఖం పెట్టింది.

అమ్మ జీతం సంగతి ఎత్తలేదు. ఇంటి కప్పు మీద రేకులు మార్చాలని మాత్రం రెండుసార్లు అంది. నేను రేకుల వైపు చూశాను.

జూన్ 17

నోటిఫికేషన్ రాలేదు.

జూన్ 20

ధర్మవరంలో తిరిగి తిరిగి కాళ్ళు పోయాయి. అక్కడ ప్రతి సందులో ఏదో ఒక కాలేజీ వాళ్ళు పాంప్లెట్లతో ఎదురవుతున్నారు. మగ్గాల చప్పుడులో మేమేం చెబుతున్నామో వాళ్ళకు వినబడదు. ఒక ఇంట్లో ఆయన నేత ఆపకుండానే, "పొద్దున్నుంచి మీరు నాలుగో జట్టు. నా కూతురికి పెండ్లయి మూడేళ్ళాయె" అన్నాడు.

తిరుగు బస్సులో చెన్నేకొత్తపల్లిలో దిగాను. నాయన మంద అక్కడికి దగ్గరే అని తెలుసు. ఎరువు కోసం రాత్రికి మందను చేలో పడుకోబెట్టించుకునే సుబ్బన్న అనే రైతు చేను పక్కన గట్టు మీద మంద నిలబడి ఉంది. గొర్రెలు చేలోకి దిగాలని తొందరపడుతున్నాయి. నాయన కర్ర అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తలాడించాడు, కర్ర మాత్రం తీయలేదు. అప్పుడే సుబ్బన్న మోటార్ సైకిల్ మీద వచ్చాడు.

"ఏమప్పా పోతులయ్యా, ఇంగా గట్టు మీదనే నిలబెట్టినావే? తోలు లోపలికి, పొద్దు గుంకుతాంది."

"మాట కానీ అన్నా."

"మాటకేముండాది? పోయినేడు ఇచ్చినట్లే ఇస్తాం. ముందు మంద దింపు. పొద్దున చూస్తాం."

"పొద్దున చూసేదానికి నీకుంటాది. నాకేముంటాదన్నా? నా గొర్రెలు లేసి పోతాయి, ఎరువు నీ చేలోనే ఉంటాది. దాన్ని నేను ఎత్తుకొని పోలేను గదా."

సుబ్బన్న నవ్వాడు. "మీ నాయన ప్లీడరు కావాల్సినోడు పాపా" అన్నాడు నాతో. "గొర్రెలోళ్ళలో పుట్టినాడు."

"ఊరికే గాదులే అన్నా. మా తాత ఒకసారి మాట కాకనే దింపినాడంట. ఆ కత ఇంగా చెప్పుకుంటాండాం ఇంట్లో."

నిలబడే మాట్లాడుకున్నారు. రాత్రికి ఇంత అని దుడ్లు, ఇన్ని శేర్ల జొన్నలు, కాపలా ఉండే ఇద్దరికి సంగటి. సుబ్బన్న సరే అన్నాక నాయన కర్ర పక్కకు తీశాడు. నోటితో ఒక చప్పుడు చేశాడు. మంద మొత్తం నీళ్ళు వదిలినట్టు చేలోకి దిగింది.

తర్వాత నా పక్కన కూర్చుని ఒక పిల్లగొర్రె కాలు ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీస్తూ అడిగాడు.

"నీకు జీతం నెలనెలా పడతాందా పాపా?"

"పడతాంది నాయనా."

ముల్లు సన్నది. చాలాసేపు తీశాడు. నా ముఖం చూడలేదు.

జూన్ 24

తొమ్మిది మంది. అడ్మిషన్ల కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. అందులో రోజూ సాయంత్రం అందరి పేర్లూ, పక్కన అంకెలూ వస్తాయి. నీలావతి 9. పూర్తి చేసినవాళ్ళకు సార్ బొటనవేలు బొమ్మ పెడతారు.

ఈ రోజు నన్ను గదికి పిలిచారు. ధర్మవరం అమ్మాయి ఒకతె లైబ్రరీ డిగ్రీతో వచ్చి ఉద్యోగం అడిగిందట. "ఏడు వేలకు వస్తానంటాంది. నేనే వద్దన్నాను. మన నీలావతి ఉండాది గదా, పది పూర్తి చేస్తాది అన్నాను" అన్నారు. చాలా ప్రేమగా అన్నారు.

ఆ అమ్మాయి ఎవరో. ఆమె కూడా నాలాగే పుస్తకం వీపు మీద ఏ నంబరు రాయాలో నేర్చుకోవడానికి రెండేళ్ళు పెట్టి ఉంటుంది. ఏడు వేలు అని నోటితో ఎలా అనగలిగిందో. నేను తొమ్మిది వేలు అని ఎలా అన్నానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. నేను అనలేదు. వాళ్ళే అన్నారు, నేను తలూపాను. ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో.

జూన్ 25

రొద్దం నాలుగిళ్ళు. ఎవరూ లేరు.

జూన్ 26

పెనుకొండ. అందరూ ఎక్కడో ఒకచోట చేరిపోయారు.

జూన్ 28

నీలావతి 10. బొటనవేలు బొమ్మ వచ్చింది.

పొద్దున ఫోన్ చూసుకుంటే గ్రూపులో ఉంది. గిరి మా లిస్టులో నంబర్లకు ఫోన్లు చేస్తున్నాడని తెలుసు. "మీ పేరు మీద ఒకటి వేయించినా మేడం, నా పదిహేనూ అయిపోయినాయి" అన్నాడు. జీతాలు వచ్చే నెల ఐదున వేస్తారట. పక్కింటివాళ్ళ ఫోన్‌కు చేసి, రేకుల మనిషిని పిలిపించమని అమ్మకు చెప్పాను.

ఆ పదో మనిషి ఎవరో అడగలేదు. గిరి తొందరలో ఉన్నాడు.

జూలై 1

నాయన ఫోన్ చేశాడు. తనంతట తాను ఎప్పుడో గానీ చేయడు.

"పాపా, నేను చెప్పిన అంకెలు అందినాయా?"

"ఏం అంకెలు నాయనా?"

"మీ కాలేజీ సారు ఫోన్ చేసినాడే. ఎవరో గిరి అంట. నీలావతి చెల్లెలిది, ఆరంకెలు వస్తాయి చెప్పప్పా అన్నాడు. చూసి చెప్పినా. తప్పు రాలేదు గదా?"

నాయనకు అక్షరాలు రావు. అంకెలు వస్తాయి.

"నీకు మంచిదంట గదా" అన్నాడు. "ఆ సారు అన్నాడు. మీ పాప ఉద్యోగానికి మంచిది అని."

"తప్పు రాలేదు నాయనా" అన్నాను.

జూలై 2

నిదానంగా ఆలోచిస్తే ఇది మంచిదేనేమో. ధర్మవరంలో చిన్నమ్మ ఇంట్లో ఇద్దరు పిల్లలు, మగ్గం, ఒకటే గది. పవిత్ర ఎక్కడ కూర్చుని చదువుతుంది? ఇక్కడైతే నా రూములోనే ఉంటుంది. నా కళ్ళ ముందే ఉంటుంది. ఫీజు సంగతి సార్‌తో మాట్లాడొచ్చు, స్టాఫ్ వాళ్ళ చెల్లెలు కదా. ఫిజిక్స్ లెక్చరర్ మానేశాడు కానీ కొత్తవాళ్ళు వస్తారు. పుస్తకాలు నేనిస్తాను. రూము దగ్గరకే తెచ్చిస్తాను.

అడిగితే పవిత్ర కూడా ఒప్పుకుంటుంది.

జూలై 3

ఫోన్ చేయలేదు. రేపు చేస్తాను.

జూలై 4

చేయాల్సిన పని లేకపోయింది. పవిత్రే వచ్చింది.

పెనుకొండలో నెట్ సెంటర్‌కు పోయిందట. వాడు హాల్‌టికెట్ నంబరు కొట్టి, "నీది ముందే అయిపోయిందమ్మా, హిందూపురంలో పెట్టినారు" అన్నాడట. అక్కడి నుంచి నేరుగా బస్సెక్కింది. కాలేజీ గేటు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేయించింది, వాచ్‌మన్ ఫోన్ నుంచి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లైబ్రరీ చూపించు అంది. తాళం తీశాను. బీరువాల మధ్య నడిచింది. ఒక్కొక్క వరసా చదివింది.

"ఈ నంబర్లన్నీ నువ్వే రాసినావా?"

"అవును."

"బాగుండాయి అక్కా. నీ రాత." ఫిజిక్స్ బీరువా హ్యాండిల్ లాగింది. రాలేదు. "దీనికీ తాళమా?"

"అన్నిటికీ."

"మరి రెండిస్తాం అన్నావే?"

నేను తాళంచెవుల గుత్తి తీసుకుని ఆ బీరువాకు సరిపోయేది వెతకసాగాను. అది ఏదో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

"నేను ఈడ చేరితే నీకు జీతం వస్తాదా?" అంది వెనకనుంచి.

"ఎవరు చెప్పినారు నీకు?"

"నెట్ సెంటర్ వాడు చెప్పినాడు. ఈ కాలేజీ సార్లంతా జీతం కోసం ఇట్లే పెడతాండారంట. ఊర్లలో అందరికీ తెలుసు గదా. మనింట్లోనే తెల్దు." నా పక్కకు వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి రాలేదు?"

"మార్చి నుంచి."

"ఎంతిస్తారు నీకు, అసలు?"

చెప్పాను. ఇంట్లో వాళ్ళకు నేను ఆ అంకె ఎప్పుడూ చెప్పలేదని చెప్పాకే తెలిసింది.

పవిత్ర బీరువా అద్దం మీద వేలితో గీతలు గీస్తూ నిలబడింది. తర్వాత, "సరేలే, ఈడనే చేరతా" అంది. "ఏముండాది, డిగ్రీ యాడైనా డిగ్రీనే. నువ్వు ఊరికే ముఖం అట్ల పెట్టొద్దు."

పెనుకొండ బస్సు ఎక్కించి వచ్చాను. కిటికీలోంచి నవ్వింది. నవ్వకపోయినా బాగుండేది.

జూలై 5

జీతాలు పడలేదు. చివరి అడ్మిషన్ లిస్టు వచ్చాక వేస్తారట. ఆప్షన్లు మార్చుకోవడానికి రేపు ఒక్కరోజు ఇస్తారు, సాయంత్రం ఐదు దాకా. "అది దాటితే గట్టి మేడం, ఇంక ఎవురూ పోలేరు" అన్నాడు గిరి.

నా చెల్లెలి పేరు ఎందుకు పెట్టావని అడిగాను.

"లిస్టులో మీరే రాసినారు మేడం." నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీకు ఒకటి తక్కువుండాదని చేసినా. నేను మా బామ్మర్దిని పెట్టలేదా? వాడు బెంగుళూరులో ఉండాడు, వాడికే తెలీదు."

కోపం తెచ్చుకుందామని చూశాను. వాళ్ళ పాపకు పాలడబ్బా కొనడానికి అతను మొన్న నా దగ్గరే అప్పు అడిగాడు. నా దగ్గర లేదు. అందరం ఒకే గట్టు మీద ఉన్నాం.

కాదు. మేం చేలో ఉన్నాం. ఎప్పుడో దిగిపోయాం.

జూలై 6

పొద్దున కాలేజీకి పోలేదు. హిందూపురం బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు పోయాను. పవిత్ర హాల్‌టికెట్ నంబరు కొట్టించాను. ఓటీపీ నాయన ఫోన్‌కు పోతుంది. నాయనకు చేశాను.

"నాయనా, మళ్ళీ అంకెలొస్తాయి. చెప్పు."

"ముందు నువ్వు చెప్పు. ఇది యాడికి పోతాది?"

"ధర్మవరానికి. పోయినసారిది తప్పు. దాని వల్ల పవిత్ర మా కాలేజీలో పడింది. నా జీతం కోసం. నాకు మార్చి నుంచి జీతం ఇయ్యలేదు నాయనా. పదిమందిని తెస్తే ఇస్తామన్నారు."

గొర్రెల మెడల్లో గంటలు వినబడుతున్నాయి. ఒక కుక్క మొరిగింది.

"చేరేటప్పుడు మాట కాలేదా పాపా?"

"లేదు."

"మాట కాకనే దిగినావా?"

నాయన తిట్టలేదు. "మనింట్లో రెండో కత అయింది పో" అన్నాడు. తర్వాత ఒక్కొక్క అంకె నిదానంగా, మధ్యలో ఆగి, చెప్పాడు. ధర్మవరం మొదట పెట్టించాను, పెనుకొండ రెండోది. మాది తీయించేశాను.

బయటకొచ్చాక హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఫోన్‌లో మిగిలిన తొమ్మిదిమంది నంబర్లు ఉన్నాయి. నా చెల్లెలు కాబట్టి పెనుకొండ నుంచి బస్సెక్కి వచ్చింది. నా చెల్లెలు కాబట్టి నేను ఈ పూట నెట్ సెంటర్లో నిలబడ్డాను. వాళ్ళకు ఈ రోజు ఆప్షన్లు మార్చుకోవచ్చని కూడా తెలియదు. మేం చెప్పలేదు, చెప్పొద్దన్నారు.

కాలేజీకి పోయి లైబ్రరీలో కూర్చుని ఒక్కొక్కరికే చేశాను. ఇద్దరు ఎత్తలేదు. ఒక పిల్ల మాకే వస్తానంది, వాళ్ళ ఊరి బస్సు మా గేటు ముందే ఆగుతుందట. రొద్దం పిల్ల వాళ్ళ నాయన, "అప్పుడు నువ్వే గదమ్మా ఈ కాలేజీ అంత కాలేజీ లేదన్నావు? మీకు పనీపాటా లేదా?" అని గట్టిగానే అన్నాడు. అన్నాక ఫోన్ పెట్టకుండా, ఏం చేయాలో అడిగి రాసుకున్నాడు. నలుగురు మారుస్తామన్నారు.

మధ్యలో గిరి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎంతసేపు విన్నాడో. "సురేంద్ర సార్‌కి తెలిస్తే మీ ఉద్యోగం ఉండదు మేడం" అన్నాడు. తెలుసన్నాను. తలుపు దగ్గరగా వేసి పోయాడు. సార్ గదికి పోలేదు, ఆ మెట్లు ఎక్కిన చప్పుడు కాలేదు.

పవిత్ర మొన్న అద్దంలోంచి చూసిన ఫిజిక్స్ పుస్తకం బయటకు తీశాను. ఇష్యూ రిజిస్టరులో ఇప్పటిదాకా ఒక్క గీతా లేదు. మొదటి వరసలో పవిత్ర పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. మా లైబ్రరీ నుంచి ఇంటికి పోయే మొదటి పుస్తకం. పోతే నేనే కడతాను. నాకు రావాల్సినదాంట్లో పట్టుకోమంటాను.

ఉషారాణికి మాత్రం చివరిదాకా చేయలేకపోయాను. నాలుగు దాటాక చేశాను. వాళ్ళమ్మ ఇంకా గార్మెంట్స్ నుంచి రాలేదు, ఫోన్ ఉషారాణే ఎత్తింది.

"అక్కా, క్లాసులు ఎప్పుడు?"

"ఉషారాణీ, ఆ రోజు నువ్వొకటి అడిగినావు. నా జీతం."

"ఆ."

"తొమ్మిది వేలు. అది కూడా మార్చి నుంచి ఇయ్యలేదు. నిన్ను చేర్పిస్తే ఇస్తామన్నారు, అందుకే వచ్చినా మీ ఇంటికి."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"మా అమ్మకే అంతకంటే ఎక్కువొస్తాది గదక్కా" అంది, మెల్లగా. తిట్టినట్టు కాదు. నాకు తెలియదేమో, చెబుదామన్నట్టు.

"అవును. ఐదు దాకా టైముంది. కాలేజీ మార్చుకోవచ్చు. మీ ఊర్లో నెట్ సెంటర్ యాడుందో ఆడికి ఇప్పుడే పో, నీకు ఏది కావాలో అది పెట్టుకో. ఓటీపీ వస్తాది, నువ్వే కొట్టు. ఎవురు అడిగినా చెప్పొద్దు. నేను అడిగినా."

"మరి నీకు?"

"నాది నేను చూసుకుంటా. పో, టైమైపోతాంది."

ఆమె చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినబడింది. ఫోన్ ఆపడం మరచిపోయింది. వెనకనుంచి చౌడక్క గొంతు.

"ఎవురే?"

"లైబ్రరీ అక్క."

"ఏమంటాది?"

"జీతం చెప్తాంది అవ్వా."

"ఎంతంట?"

ఉషారాణి చెప్పింది. చౌడక్క ఈసారి నవ్వలేదు. "పాపం, అన్ని పుస్తకాలు సర్దినాదే" అంది.